పరాయివాళ్లు కొనకూడని ఇల్లు

మా మంచి అక్కకి,

ఫోన్లో అడిగితే అంతా బాగుందని అబద్ధం చెప్పాను. నోటితో చెప్పలేకే రాస్తున్నాను.

మేం అద్దెకుంటున్న ఇల్లు అమ్మేస్తున్నారు. ఇంటాయన రిటైరైన బస్సు డ్రైవరు, కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ముందు మీరే కొనుక్కోండి అన్నాడు. ఇన్నేళ్లూ కట్టుడుపళ్లు తయారుచేసి నేను వెనకేసింది ఎలాగో సరిపోయేది కూడా. ఇంతలో కొత్త చట్టం వచ్చింది. ఈ దేశపు పౌరులు కానివాళ్లు ఇళ్లు కొనకూడదట. ఇక్కడివాళ్లే ఇళ్లు దొరక్క అల్లాడిపోతున్నారు. వాళ్ల బాధా నిజమే, ఎవర్ని తిట్టను?

నా బెంగంతా మీ మరిది గురించే. చూపు పోయాక ఆయన మళ్లీ మనిషైంది ఈ ఇంట్లోనే. నెలల తరబడి గోడలు తడుముకుని, మోకాళ్లు పగలగొట్టుకుని దీన్ని నేర్చుకున్నారు. ఇప్పుడు నేను పని నుంచి వచ్చేసరికి వంట చేసి పెడుతున్నారు. ఇక్కణ్ణించి కదిలిస్తే ఆయనకి రెండోసారి కళ్లు పోయినట్టే.

పనిలో నా పక్క బల్ల ఆవిడ ఇక్కడి మనిషి. నా పేరు మీద కొనుక్కో, ఎవరికి తెలుస్తుంది అంది. బినామీ అన్నమాట. దొరికితే ఇల్లూ పోతుంది, మమ్మల్నీ పంపేస్తారు. అయినా సరేనన్నాను. వచ్చే సోమవారం సంతకాలు. ఆయనకి మాత్రం చట్టం సంగతే చెప్పలేదు. తిట్టకు.

నీ చంటి

అక్కా,

నువ్వు తిట్టలేదు. అందుకే ఎక్కువ ఏడుపొచ్చింది. ఆ సంతకాలు జరగలేదు.

పొద్దస్తమానం రేడియో వినే మనిషికి చట్టం సంగతి తెలియకుండా ఉంటుందా? నేను పనిలో ఉండగా ఆయనే ఇంటాయన్ని పిలిచి, సంతకాలు ఎవరి పేరు మీదో కనుక్కుని, వేరేవాళ్లకి చూపించమన్నారు. ఆదివారం ఓ జంట వచ్చింది. ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ఇల్లంతా మీ మరిదే తిప్పి చూపించారు. ఈ కిటికీ వానలకి బిగుసుకుంటుంది, ఈ మెట్టు ఎత్తు, పాపాయి నడిచేటప్పుడు జాగ్రత్త అని. ఆ అబ్బాయి ఫోన్లో మంచం ఫోటో చూపించి, ఇది ఈ గదిలో పడుతుందా అని అడిగేదాకా వాళ్లకి ఆయన సంగతి తెలియనే లేదు.

వాళ్లు వెళ్లాక గొడవ పెట్టుకున్నాను. ఇదంతా మీకోసమే కదా అన్నాను. ఆయన ఒకటే అన్నారు.

"ఎవరు తలుపు కొట్టినా నువ్వు ఉలిక్కిపడతావు. అది నాకు వినబడుతుంది. అలాంటి ఇంట్లో నేనుండలేను."

కొత్త అద్దె ఇంటికొచ్చేశాం. వచ్చినప్పటినుంచీ ఆయన కుర్చీలోంచి లేవలేదు. బాత్రూంకి కూడా నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. గడ్డం మాసిపోయింది. చూడలేకపోయానక్కా.

ఇవాళ పొద్దున నేను వంటగదిలో ఉంటే కుర్చీ జరిగిన చప్పుడైంది. పరిగెత్తబోయాను.

"రాకు. అక్కడే ఉండి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు," అన్నారు.

చిన్నప్పుడు నువ్వు నా జడ కత్తిరించేసి మంచం కింద దాక్కున్న సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన బల్లకి గుద్దుకున్నారు. తలుపనుకుని బీరువా తెరిచారు. నేను చెప్పడం ఆపలేదు. కథలో అమ్మ నిన్ను బయటికి లాగేసరికి ఆయన చెయ్యి వచ్చి నా భుజానికి తగిలింది.

తర్వాత వెనక్కి తిరిగి, గోడ తడుముకుంటూ కుర్చీ వైపు నడిచారు.

"మళ్లీ మొదటినుంచి చెప్పు," అన్నారు.

నీ చంటి