శుద్ధి ఖర్చు

రాబర్ట్‌సన్‌పేట,
శనివారం.

ప్రిన్సీ నాన్నగారికి, ఇసబెల్లా చేతులు జోడించి రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ ప్రిన్సీ ఆరోగ్యంగా ఉన్నాము. మస్కట్‌లో మీరూ అట్లాగే ఉన్నారని, పోయిన ఎండల్లో వచ్చిన తలనొప్పి మళ్ళీ మీ జోలికి రాలేదని తలుస్తాను.

మీ దగ్గర పని చేసే డెన్నిస్ సెలవు మీద వచ్చి మీ జాబూ, మీరు పంపిన ఖర్జూరాలూ ఇచ్చి వెళ్ళాడు. ఎల్లుండి తిరుగు ప్రయాణమట. ఈ జాబు అతని చేతికే ఇస్తాను. దీన్ని ఇంట్లో కూర్చుని రాయడం లేదు. చర్చి వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. ఇంట్లో అయితే హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి మీ కెమెరాలు ఉన్నాయి. కాగితం ముందు పెట్టుకోగానే పైనుంచి మీ గొంతు వస్తుంది, "ఏం రాస్తాండావు ఇసబెల్లా?" అని. అక్కడ కంట్రోల్ రూములో రోజంతా ఎవరెవరివో గోడౌన్లు చూసి, డ్యూటీ దిగాక మళ్ళీ మన ఇల్లు చూస్తారు. ట్యాంకు నిండి నీళ్ళు పొర్లుతుంటే మస్కట్ నుంచి అరిచి మోటారు ఆపించిన మనిషి మీరు. నాకది బాగానే ఉండేది. మనిషి లేకపోయినా గొంతైనా ఇంట్లో తిరుగుతోందనుకునేదాన్ని.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. బాత్రూము కొళాయి బాగు చేయించాను. నా మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు తప్ప నొప్పి లేదు. ప్రిన్సీ తెల్లారకముందే లేచి బంగారుపేటలో బెంగుళూరు రైలు పట్టుకుంటోంది. సీటు దొరికితే కూర్చుని నిద్రపోతుంది, దొరక్కపోతే నిలబడే నిద్రపోతుంది. ఆసుపత్రి పని కంటే ఈ రైలే దాన్ని ఎక్కువ పిండుతోంది. కె.ఆర్.పురంలో మీరు మాట్లాడి పెట్టిన ఫ్లాటు చేతికి వస్తే ఈ తిప్పలు తప్పుతాయని రాశారు. ఈ ఇల్లు అమ్ముడుపోగానే ఉద్యోగం వదిలి వచ్చేస్తాననీ, పోకపోతే ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టక తప్పదనీ రాశారు. ఆ రెండు మాటలూ చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. సంతోషానికీ భయానికీ కడుపు ఒక్కటే కదా.

బుధవారం కెమెరాలు ఎందుకు ఆగిపోయాయని ఫోనులో అడిగారు. కరెంటు పోయిందన్నాను. ఆ సంగతికి వస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

గోపాలప్ప, చంద్రికలను మీరు కెమెరాలో చూశారే గాని ఎదురుగా చూసి ఎరగరు. రాయల్పాడులో మామిడి తోటలున్న కుటుంబం. కొడుకు మన పేట బజారులో అంగడి పెట్టబోతున్నాడని దగ్గర్లో ఇల్లు వెతుక్కుంటున్నారు. బ్రోకరు ఎల్లప్ప వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ చంద్రిక నోరు విప్పితే "అక్కా" అనకుండా ఉండదు. మొదటిసారి వచ్చినప్పుడు నీళ్ళు తెచ్చి ఇచ్చాను. "సోమవారం కదక్కా, ఒక్కపొద్దు ఉండాను" అంది. రెండోసారి కాఫీ కలిపాను. "శనివారం కదక్కా, ఇద్దరం ఒక్కపొద్దే" అంది. నేను నమ్మాను. ఈస్టరు ముందు శ్రమదినాల్లో ఒక పూట మానేసి ఊరంతా చెప్పుకునేదాన్ని నేను, వీళ్ళు వారానికి రెండు దినాలు నోరు కట్టుకుంటున్నారే అని సిగ్గుపడ్డాను. భక్తిగల మనుషులు, మన ఇల్లు మంచి చేతుల్లో పడుతుందని మీతో చెప్పింది కూడా నేనే.

మూడోసారి వాళ్ళు వస్తున్నారనగానే మీరు నాకు పాఠం చెప్పారు. "నువ్వు ఎదురుగా ఉంటే వాళ్ళు మనసులో ఉండే ధర చెప్పరు. ఏదో సాకు చెప్పి బయటికి పో. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటే మనకు తెలుస్తుంది" అన్నారు. చాటుగా వినడం తప్పు కదండీ అన్నాను. "యాపారంలో తప్పేముండాది?" అన్నారు. గోడకు చెవులుంటాయంటారు, మనం కళ్ళు కూడా పెట్టామని నవ్వాను. అయినా మీ మాట కాదనలేక, ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు పండు తినొచ్చు కదా, అరటిపండ్లు తెస్తానని చెప్పి బజారుకు పోయాను. వచ్చేసరికి చూడడం అయిపోయింది. పండ్లు మాత్రం తొక్క ఒలవకుండా సంచిలో వేసుకుని పోయారు.

ఆ సాయంత్రమే మీరు ఫోను చేశారు. రిపేరీ ఖర్చుల కింద ధర తగ్గించమంటున్నారని, న్యాయమేనని, ఒప్పుకున్నాననీ చెప్పారు. అడ్వాన్సు తెచ్చి ఇచ్చారు, బీరువాలో పెట్టాను. తరువాత మీ జాబులో ఇంకా వివరంగా రాశారు: "వంటింటి గట్టు పాతదైపోయినాది, అది మార్చుకునేకి వాళ్ళకు ఖర్చే కదా" అని. ఆ మాట నాకు పంటి కింద రాయిలా తగిలింది. ఆ గట్టు పోయిన సెలవులో మీరు వేయించిందే కదా. కుప్పం పోయి నల్లరాయి మీరే ఏరి తెచ్చారు. అంతలోనే పాతదెట్లా అయింది? అయినా పెద్ద మనిషి, మరిచిపోయి ఉంటారనుకున్నాను.

ఆ తరువాత నా చెవి కమ్మ ఒకటి కనబడలేదు. వాళ్ళు మూడోసారి వచ్చిన దినం పిండి కలిపేటప్పుడు తీసి గట్టు మీద పెట్టిన గుర్తు. ఇల్లు చూసేవాళ్ళు వచ్చే దినాల్లో నగానట్రా బయట పెట్టొద్దని మీరు నూరుసార్లు చెప్పి ఉన్నారు. మీతో చెబితే తిడతారని, ప్రిన్సీ ఇంట్లో లేని సమయంలో నేనే ఫోను తెరిచి వంటింటి రికార్డింగు వెతికాను. వరుసలో ఆ దినంది మాత్రం మసకగా కనిపించింది. ఒకసారి తెరిచి చూసినవి అట్లా మసకబారతాయని మీరే నేర్పారు. నేనైతే అది తెరవలేదు. తెరవగలిగిన ఫోను ఇంకొకటి మీదే.

కమ్మ ఎవరూ తీయలేదు. మరునాడు రాగిపిండి డబ్బాలో దొరికింది. దొంగను వెతకబోయి నేను విన్నది ఇది. చంద్రిక చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నిలబడి, "ఈ గట్టు మీద ఏమేమి కోసినారో ఏమో, దీన్ని పూరా పగలగొట్టల్ల" అంది.

గోపాలప్ప అన్నాడు: "గట్టు పగలగొడితే చాలదు. అయ్యవారిని పిలిపించి ఇల్లంతా శుద్ధి చేయించల్ల, హోమం పెట్టించల్ల. లైనోళ్ళు కాపురం ఉండిన ఇల్లు. ఆ శుద్ధి ఖర్చంతా పట్టుకోని ధర చెప్పప్పా ఎల్లప్పా."

మన ఇంట్లో కాఫీ తాగకుండా గడప దాటని ఎల్లప్ప ఏమన్నాడో తెలుసా? మీకు తెలుసు. అయినా రాస్తాను. "అట్లనే చేస్తాను. రిపేరీ అని చెప్పి తగ్గిస్తా. ఆయన వచ్చేసే తొందరలో ఉండాడు, ఒప్పుకుంటాడు."

"బేగ ముగించండి. ఇంగోతూరి ఒక్కపొద్దు అని చెప్పేకి నాకు నోరు రాదు" అంది చంద్రిక. ముగ్గురూ నవ్వారు.

మా నాన్న ముత్యాలప్ప గనుల్లో పని చేసినన్నాళ్ళూ మేము గని కూలీలకు కట్టిన కంపెనీ లైనులో ఒక్క గదిలో ఉన్నాం. వంట, పడక, స్నానం, అన్నీ ఆ గదిలోనే. గనులు మూసినప్పుడు చేతికి వచ్చిన డబ్బుతో ఆయన ఈ ఇల్లు కట్టి నా పేర రాశాడు. వంటింటికి వేరే గోడలు, వేరే తలుపు ఉండాలని మేస్త్రీతో పోట్లాడి కట్టించాడు. ఆయన ఆ ఇంట్లో దగ్గుతూ బతికింది కొద్ది కాలమే. ఆ వంటింటిని ఇప్పుడు మన నుంచి శుద్ధి చేయాలి. ఆ ఖర్చు మనమే పెట్టుకోవాలి. దాన్ని మీరు న్యాయమే అన్నారు.

బుధవారం కరెంటు పోలేదు. ఆ పూటకు కెమెరాల వైర్లు నేనే పీకాను. వాళ్ళను పిలిపించాను గనక, మధ్యలో పైనుంచి మీ గొంతు రాకూడదని. రిజిస్ట్రేషన్ మాటకు పిలిచాననుకుని సంబరంగా వచ్చారు, బుట్టెడు మామిడిపండ్లు తెచ్చారు. కూర్చోమని చెప్పి, ఫోను ముందు పెట్టి వాళ్ళ మాటలు వాళ్ళకే వినిపించాను.

చంద్రిక ముఖం ఎర్రబడింది. "ఇంటికి వచ్చినోళ్ళ మాటలు దొంగతనంగా వింటారా? ఇది మర్యాదేనా?" అని నన్నే అడిగింది.

"మర్యాద కాదమ్మా. తప్పే. ఆ తప్పు మేము చేసినాం" అన్నాను. అది నిజమే కదండీ.

గోపాలప్ప కాసేపు చేతిరుమాలు మడిచాడు, విప్పాడు. "కానీలేమ్మా, ఏదో మాట వచ్చేసినాది. ఆ తగ్గించిండేది మేమే వేసుకుంటాం. మొదట చెప్పిన ధరకే రాసుకుందాం" అన్నాడు.

ఇంకో మాట వస్తుందేమోనని నేను ఎదురు చూశాను. రాలేదు. నేను పిలిపించింది ధర కోసమేననుకున్నాడు ఆ మనిషి. అక్కడే నాకు తెగిపోయింది. బీరువా తెరిచి అడ్వాన్సు తెచ్చి అతని ముందు పెట్టాను. మామిడిపండ్ల బుట్ట కూడా అందించాను. "ఈ దినం మాకు ఒక్కపొద్దమ్మా" అన్నాను. పోయారు.

ఎల్లప్ప మీకు ఫోను చేసి ఉండడు. చేస్తే ఆ రికార్డింగు పేట బజారులో వినిపిస్తానని చెప్పాను. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. నేను ఫోనులో చెప్పకపోవడానికీ కారణం ఉంది. చెబితే మీరు ఆ క్షణమే వాళ్ళకు ఫోను చేసి బతిమాలుకుంటారు. ఈ జాబు మీ చేతికి వచ్చేసరికి వాళ్ళు ఇంకో ఇల్లు చూసుకుని ఉంటారు.

ఇది మీ టికెట్టు నా చేతులతో చించడమేనని నాకు తెలుసు. ఫ్లాటు చేజారుతుంది. మీరు ఇంకో రెండేళ్ళు ఆ తెరల ముందు కూర్చోవాలి. నేను ఇంకో రెండేళ్ళు ఒక్కదాన్నే వండుకుని తినాలి. ప్రిన్సీకి చెప్పాను. "నాకు రైలు అలవాటేలేమ్మా" అని టిఫిన్ డబ్బా కడుక్కుంది. దానికి వాళ్ళ మాటల వరకే చెప్పాను. మీరు ముందే విన్నారని చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

వాళ్ళ మీద నాకు కోపం ఉంది గాని ఆశ్చర్యం లేదు. అట్లాంటి మాటలు మా అమ్మ విన్నది, నేను విన్నాను, ప్రిన్సీ హాస్టల్లో విన్నది. మీ మీద ఆశ్చర్యం. నన్ను ఏడిపించడం ఇష్టం లేక దాచి ఉంటారని నాకు నేను చెప్పుకుని చూశాను. అట్లాగైతే ధర ఎందుకు తగ్గించారు? ఇంటికి రావాలనే ఆత్రంలో చేశారని చెప్పుకుని చూశాను. ఆ ఇంటిని మైల అన్నవాళ్ళకు సరేనని, ఏ ఇంటికి వద్దామనుకున్నారు? విని మీకు నొప్పి పుట్టిందా, పుట్టలేదా? పుట్టి ఒప్పుకున్నారా, పుట్టకనే ఒప్పుకున్నారా? నాకు నిద్ర లేకుండా చేస్తున్నది ఇదొక్కటే.

దీనికి జాబు రాయొద్దు. ఫోనులోనూ చెప్పొద్దు. మాటల్లో మీరు నేర్పరి, నేను మళ్ళీ నమ్ముతాను. మామూలు సెలవుకు ఎప్పుడు వస్తారో అప్పుడే రండి. అన్నం పెడతాను, పక్క వేస్తాను, ఏమీ తక్కువ చేయను. ఒక్క పూట నా ఎదురుగా కూర్చుని ఆ రికార్డింగు మొదటినుంచి చివరిదాకా వినండి. ఇన్నేళ్ళూ మీరు నన్ను చూశారు. వింటున్నప్పుడు మీ ముఖం నేను చూడాలి.

ఇట్లు,
ఇంకా మీ భార్యనే,
ప్రిన్సీ అమ్మ
ఇసబెల్లా