వంటగది కిటికీలోంచి వైరు

వదినా,

గోడకు అవతలే ఉన్న మీకు ఉత్తరం రాయడమేమిటనుకోకండి. ఎదుటపడితే నాకు నోరు పెగలదు.

పక్షవాతం వచ్చాక మీ తమ్ముడికి మాటలు నేర్పుతున్న డాక్టరమ్మ రేపటి నుంచి వీడియోలోనే చూస్తుందట. లైబ్రరీ వాళ్ళు పేటంతటికీ ఉచితంగా ఇస్తున్న నెట్టే మాకు దిక్కు. దానికి దారులు మూడన్నారు. మేడ మీద యాంటెన్నా పెడదామంటే, లైబ్రరీ టవరు కనబడకుండా మీ పైగది అడ్డం. లైబ్రరీకే వచ్చి కూర్చోమంటే ఆయన మెట్లెక్కలేరు. ఇక మిగిలింది, ఇప్పటికే ఆ నెట్టున్న మీ ఇంట్లోంచి వైరు లాగడం.

అది మన రెండు వంటగదుల మధ్య కిటికీలోంచే రావాలి. మీరు పైగది కట్టినప్పటి గొడవలో మీ తమ్ముడు మేకులు కొట్టేసిన కిటికీ. "ఇవి పీకితే నా మీద ఒట్టే" అన్నారప్పుడు.

ఈ పొద్దున ఆయన్ని అడక్కుండానే పీకడం మొదలుపెట్టాను. చివరి మేకు ఎంతకీ రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే, కుర్చీలోంచి ఎడమచేత్తో కటింగ్ ప్లేయరు అందిస్తున్నారు.

మా వైపు మేకులన్నీ ఊడాయి. గడియ మీ వైపుంది వదినా.

మీ మరదలు