పాము గది వెచ్చగా ఉండాలి

మత్సుఎ, నవంబరు మొదట్లో

ప్రియమైన మినోరికి,

సరస్సు మీది గాలికి పళ్ళు మొలిచాయి. పక్కింటి అడాచిగారు పెరట్లో పర్సిమన్ పండ్లన్నీ కోసేసి, చిటారుకొమ్మన రెండు మాత్రం పిట్టలకు వదిలింది. ఉత్తరమంటే ఇలా మొదలుకావాలి. ముందు రుతువు, తర్వాత క్షేమం, ఆ తర్వాత నీ గోల. నువ్వేం చేశావు? ఎనిమిది చాపలు పట్టే నా గదిలో పామును పెట్టి, దాని మీద ఒక చీటీ పెట్టి, నేను టీ కాచి తెచ్చేలోగా రైలెక్కేశావు. చీటీలో మొదటి వాక్యం, "ఎలుక బాగా కరిగాకే వెయ్యాలి." హైస్కూల్లో ప్రాచీన సాహిత్యం చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాని మనవరాలు రాసిన వాక్యం అది.

కంపెనీ నిన్ను మార్చి దాకా నాగోయా పంపింది, అక్కడి హాస్టల్లో పాముల్ని రానివ్వరు. సరే, అర్థమైంది. కానీ చీటీ వెనక రాసిన ఖర్చులే అర్థం కాలేదు. పాము పదిహేను వేల యెన్‌లు. దాని గాజు పెట్టె, తాళంతో కలిపి, పాము కన్నా ఖరీదు. పెట్టె అడుగున వేడి చాప ఒకటి, ఆ చాపను అదుపులో పెట్టడానికి ఇంకో మీట. దాక్కోవడానికి చెట్టు బెరడు మూడు వేలు! మా పెరట్లో బెరడు ఊరికే రాలుతోంది, ఎవరైనా కొంటారేమో కనుక్కో. పాముకు పాలు పోసి పెంచారని జనం ఊరికే తిడతారు. పాలైతే చవకగా పోయేది.

అన్నిటికన్నా వింత ఆఖరి వాక్యం. "గది మొత్తం ఇరవై ఆరు డిగ్రీలు ఉండాలి, రాత్రీ పగలూ." పుట్టి బుద్ధెరిగాక నేను చలికాలమంతా అడుగున వేడి ఉండే, దుప్పటి కప్పిన బల్ల కింద కాళ్ళు దూర్చుకుని, పైన రెండు స్వెట్టర్లు వేసుకుని గడిపాను. కాళ్ళు వెచ్చగా ఉంటే మనిషి వెచ్చగా ఉన్నట్టే. మీ తకెహారు మావయ్య ఎప్పుడో గోడకు బిగించిన హీటర్‌కు కేలండర్ తగిలించుకున్నాను.

మావయ్య సంగతి తెలుసుగా. మొన్న ఫిబ్రవరిలో నేను వసారాలో పడిపోయి న్యుమోనియా తెచ్చుకున్నప్పటి నుంచీ హిరోషిమాలో ఏదో వృద్ధాశ్రమం కాగితాలు చంకన పెట్టుకుని తిరుగుతున్నాడు. కొత్త సంవత్సరానికి వచ్చి తేలుస్తాడట. ఈ ఇల్లు వదిలి ఎక్కడికీ రానని చెప్పాను. ఇప్పుడు ఇంట్లో పాముందని తెలిస్తే ముసలిదానికి మతి పోయిందని అక్కడే సంతకం పెట్టేస్తాడు. వాడి చెవిన వెయ్యకు.

పాము క్షేమం. నన్ను చూసి నాలుక చాపింది. నేనూ చాపాను.

నీ అమ్మమ్మ,
కినుయో

◆

నాగోయా, నవంబరు మధ్య

ప్రియమైన అమ్మమ్మకు,

ఇక్కడ గింకో చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. నువ్వు క్షేమమని తలుస్తాను. (రుతువు అయింది, క్షేమం అయింది. ఇక తిట్టకు.)

పామును "పాము" అనకు, దాని పేరు అజుకి. నువ్వు తీపి పులుసు కాచే ఎర్ర గింజల రంగే కదా దానిది. అది కాటువేసే జాతి కాదు, విషం లేదు, అరవదు, వాసన రాదు. ఆఫీసు నుంచి వచ్చాక చేతికి చుట్టుకుని కూర్చునేది. ఇక్కడ సాయంత్రం పూట చెయ్యి ఖాళీగా ఉంది.

ఒక్క విషయం మాత్రం మరీ మరీ చెబుతున్నాను. పెట్టె ఒక్కటే వెచ్చగా ఉంటే చాలదు. చల్లగాలి పీలిస్తే దానికి ఊపిరితిత్తులు పాడవుతాయి. గోడకు ముల్లున్న థర్మామీటర్ తగిలించాను చూశావా? ముల్లు ఇరవై ఆరు దిగకూడదు. నువ్వు కూడా పగలంతా ఆ గదిలోనే కూర్చుని కనిపెట్టుకుని ఉండు. పరుపు కూడా అక్కడే వేసుకుంటే ఇంకా మంచిది. కరెంటు ఖర్చు నీది కాదు, పాముది. నెలనెలా పంపుతాను. తిప్పి పంపితే అజుకికి అన్యాయం చేసినట్టే.

ఎలుకలు దుకాణం వాళ్ళే డిసెంబరులో గడ్డకట్టించి చల్లబండిలో పంపుతారు. రాగానే ఫ్రీజర్‌లో పెట్టెయ్. మావయ్యకు నేనెందుకు చెబుతాను!

నీ
మినోరి

◆

మత్సుఎ, డిసెంబరు రెండో వారం

ప్రియమైన మినోరికి,

మొదటి మంచు పడి, పడినందుకు సిగ్గుపడ్డట్టు కరిగిపోయింది. నేను క్షేమం. హీటర్ వేస్తున్నాను. కేలండర్‌కు వేరే మేకు కొట్టాను. పాము పేరు చెప్పి నేను దొరసానిలా కూర్చుంటున్నాను, మీటర్ చూస్తే మాత్రం కళ్ళు మూసుకుంటున్నాను.

నీ అజుకి కుబుసం విడిచింది. తల నుంచి తోక దాకా ఎక్కడా చిరగలేదు, విప్పిన మేజోడులా ఉంది. చెత్తలో పడేద్దామని పట్టుకుని వసారాలోకి వచ్చేసరికి అడాచిగారు ఎదురైంది. వీధి కబుర్లు అంటించి ఇంటింటికీ తిప్పే తిరుగుపలకను తన వంతుగా తెచ్చింది. పామనగానే గుమ్మం దాకా వెనక్కి పరుగెత్తి, అక్కడ ఆగింది.

"కినుయోగారూ, అది... చిరగలేదా?"

"లేదు. ఏం, కుట్టిస్తారా?"

"అయ్యయ్యో, పారెయ్యకండి! పర్సులో పెట్టుకుంటే డబ్బు నిలుస్తుంది. మా అత్తగారు చచ్చేదాకా పెట్టుకుంది."

"మరి నిలిచిందా?"

"ఆవిడది చిరిగిన ముక్కండీ!"

చిన్న ముక్క కత్తిరించి ఇచ్చాను. మర్నాడు పొద్దున గుమ్మంలో ఒక ముల్లంగి, రెండు నారింజలు, ఒక గిన్నెడు సరస్సు ఆల్చిప్పలు. సాయంత్రానికి తిరుగుపలక తిరిగే ఇళ్ళ వాళ్ళంతా నా పాము ఆరోగ్యం అడగడం మొదలుపెట్టారు. ఇన్నాళ్ళు నా ఆరోగ్యం అడిగింది లేదు.

అన్నట్టు, ఆ ఎలుకలు ఇంకా రాలేదు. నువ్వు వదిలి వెళ్ళినవాటిలో ఒక్కటే మిగిలింది. మా పాత విద్యార్థిని ఏటా పంపే పందిమాంసం మాత్రం వచ్చింది. నేను ఆ మాంసం ముట్టనని తెలుసుగా. పెట్టె తెరవకుండానే పైన ఏడాది చివరి కానుక కాగితం చుట్టి, ఎప్పటిలాగే హిరోషిమా పంపేశాను. మీ సాతొకో అత్తయ్య సంతోషిస్తుంది.

నీ అమ్మమ్మ,
పాము పేరున వెచ్చబడుతున్న కినుయో

◆

నాగోయా, డిసెంబరు చివర్లో

ప్రియమైన అమ్మమ్మకు,

రుతువు తర్వాత. అమ్మమ్మా, పెట్టె మీద పంపినవాళ్ళ పేరు చదివావా? కళ్ళజోడు పెట్టుకునే ఉన్నావా?

అది పందిమాంసం కాదు.

అత్తయ్య ఫోన్ చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మావయ్య మాత్రం స్పష్టంగానే ఉన్నాడు. "మీ అమ్మమ్మ మాకు ఏడాది చివరి కానుకగా ఎలుకలు పంపింది. ఇంకేం మిగిలింది చెప్పు? ముప్పయ్యో తారీఖున వస్తున్నాం, ఆశ్రమం కాగితాలు తెస్తున్నాను, నువ్వేం అడ్డుపడకు" అన్నాడు. పాము గురించి చెప్పక తప్పలేదు. చెప్పాక ఇంకా బిగుసుకున్నాడు.

అంతా నా వల్లే. సెలవు దొరకలేదు, లేకపోతే నేనే వచ్చేదాన్ని. ఒక్క మాట మాత్రం చెబుతాను. అత్తయ్య మాటల్లో జారిన మాట. ఆ పెట్టెను తెరిచింది ఆవిడ కాదట. ఎవరు తెరిచారో అడుగు.

భయపడుతున్న నీ
మినోరి

◆

మత్సుఎ, జనవరి

ప్రియమైన మినోరికి,

కొత్త సంవత్సరం వచ్చింది. మంచు ఈసారి సిగ్గు విడిచి మోకాలి దాకా పడింది. బియ్యప్పిండి ముద్దల పులుసు ముగ్గురం తిన్నాం. నాలుగో ప్రాణి తన వంతు తను మింగింది. వివరంగా రాస్తాను, కూర్చుని చదువు.

మీ మావయ్య తలుపు తీస్తూనే కోటు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు.

"అమ్మా, ఎలుకలేంటమ్మా?"

"అవి పాముకి తిండిరా. మీకు పంపాలని కాదు, పొరపాటు."

"అదే నేననేది! ఏం వచ్చిందో, ఎవరు పంపారో చూసుకోకుండా కాగితం చుట్టి పంపేస్తే దాన్ని ఏమంటారు? డాక్టరుగారు దానికో పేరు పెట్టారు."

"మరి ఆ పెట్టె మీ ఇంట్లో తెరిచిందెవరురా?"

సాతొకో కిటికీలోంచి మంచు చూడసాగింది.

"చెప్పమ్మా సాతొకో."

"అదీ... అత్తయ్యగారూ... మాకు అప్పటికే మూడు పందిమాంసాలు వచ్చాయండీ. అందుకని... వీళ్ళ మేనేజరుగారింటికి..."

"తెరవకుండా?"

"కాగితం మీదే ఇంకో కాగితం చుట్టి."

మేనేజరుగారి భార్య తెరిచిందట. ఏడాది చివరి విందులో, చుట్టాల మధ్య.

"చూడరా తకెహారూ," అన్నాను. "నేను తెరవకుండా పంపితే మతిపోవడం. మీ ఆవిడ తెరవకుండా పంపితే మర్యాద. ఈ దేశంలో డిసెంబరు నెలలో మతి ఉన్నవాళ్ళెవరో చెప్పు, వాళ్ళకే సంతకం పెడతాను."

సాతొకో ముందు నవ్వింది. చేతిగుడ్డ నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. మావయ్య నవ్వలేదు. కానీ అప్పటికి వాడి ముఖం ఎర్రబడింది, కోపంతో అనుకున్నాను. కోటు విప్పాడు. స్వెట్టర్ విప్పాడు. తర్వాత చుట్టూ చూశాడు.

"ఇల్లు వెచ్చగా ఉందేంటి?"

"పాముందిగా."

"నేను పదేళ్ళు బతిమాలితే ఒక్కరోజు వెయ్యలేదే హీటర్!"

"నువ్వు చలికి చచ్చిపోయేలా ఎప్పుడూ కనపడలేదురా."

వాడు థర్మామీటర్ ముందు నిలబడి చాలాసేపు చూశాడు. అటు తిరిగే అన్నాడు. "ఆ రోజు ఫోన్ రాగానే బయల్దేరి వచ్చానమ్మా. నువ్వు పడిపోయిన వసారాలో నిలబడితే నా ఊపిరి నాకు తెల్లగా కనపడింది. ఇంట్లోపల. అప్పటినుంచీ కళ్ళు మూస్తే అదే."

అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు కాదంటారు. గడ్డం నెరిసిన నా కొడుకు అలా అన్నాక లేచి వెళ్ళి వాడికి టీ కాచి తెచ్చాను. వాడు అడగకుండానే తెచ్చాను, గుర్తుపెట్టుకో.

భోజనం అయ్యాక పాము గదిలోనే, చాప మీద, చిన్నప్పటిలాగా నోరు తెరుచుకుని నిద్రపోయాడు. వెళ్ళేటప్పుడు కాగితాలు సంచిలోనే ఉన్నాయి, తియ్యలేదు. "వచ్చే చలికాలం కూడా ఈ ముల్లు ఇక్కడే ఉంటే మళ్ళీ ఈ మాట ఎత్తను" అన్నాడు. సాతొకో గుమ్మం దాటాక వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి, కుబుసం ముక్క ఉందా అని అడిగింది. మేనేజరుగారి భార్యక్కూడా ఒకటి కావాలట.

నీ అమ్మమ్మ,
ప్రస్తుతానికి ఈ ఇంట్లోనే ఉన్న కినుయో

◆

నాగోయా, ఫిబ్రవరి చివర్లో

ప్రియమైన అమ్మమ్మకు,

హాస్టల్ గోడ పక్కన ప్లమ్ పూలు విచ్చాయి. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, రెండుసార్లు బస్సులో. పక్కన కూర్చున్నావిడ సీటు మారింది.

నా బదిలీ ముగుస్తోంది. పాముల్ని రానిచ్చే ఇల్లు కూడా దొరికింది. అడ్వాన్సు మామూలు కన్నా ఒక నెల ఎక్కువ అడిగారు, అయినా ఒప్పుకున్నాను. మార్చి చివర్లో అజుకి కోసం రావాలి.

కానీ ఆలోచిస్తున్నాను. మార్చిలో కూడా అక్కడ చలి కదా. దాన్ని ఏప్రిల్ దాకా ఉంచుకుంటావా? లేదా... మీ ఇద్దరికీ అలవాటైపోతే, అసలు నీ దగ్గరే ఉంచేసుకో అమ్మమ్మా. నాకేం ఫర్వాలేదు. వచ్చే చలికాలం కూడా దానికి వెచ్చని గది కావాలిగా.

నీ
మినోరి

◆

మత్సుఎ, మార్చి

ప్రియమైన మినోరికి,

కోట కందకంలో మంచు కరిగింది, పడవలవాళ్ళు చలికాలమంతా జనం కాళ్ళ మీద కప్పిన దుప్పట్లు తీసేశారు. నేను క్షేమం. ఫిబ్రవరి మొత్తం ఒక్క తుమ్ము తుమ్మాను, అదీ మిరియాల వల్ల.

"నాకేం ఫర్వాలేదు" అన్న వాక్యం దగ్గర నీ కలం ఆగి సిరా చుక్క పడింది. పిల్లల వ్యాసాలు దిద్దినదాన్ని, చుక్కలు చదవగలను. వచ్చి నీ పామును తీసుకుపో. చెయ్యి ఖాళీగా ఉందని నవంబరులోనే రాశావు.

హీటర్ సంగతి నీకెందుకు బెంగ? డిసెంబరులో నువ్వు పంపిన ఎలుకలు మేనేజరుగారి పాలయ్యాక, నేను బస్సెక్కి ఊళ్ళోనే ఉన్న పాముల దుకాణానికి వెళ్ళాను. ఉందని నువ్వు చెప్పలేదు. అక్కడొక నడివయసు ఆవిడ, మెడలో బల్లితో సహా, మర్యాదగా కూర్చోబెట్టింది. గది ఇరవై ఆరు డిగ్రీలు ఉంచడం ఖర్చవుతోందమ్మా అన్నాను. ఆవిడ తెల్లబోయింది.

"గదెందుకండీ? పెట్టె కింద చాప ఉంటే చాలు. ఈ జాతి పాములకి ఇళ్ళల్లో ఎవరూ గది కాచరు. ఎవరు చెప్పారు మీకు?"

"మా మనవరాలు."

"ఆ అమ్మాయికి పాముల గురించి తెలియదేమో."

"పాముల గురించి బాగానే తెలుసమ్మా," అన్నాను.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను ఎలుకల కోసం వెళ్ళి కొండను పట్టాను. ఇంటికొచ్చి నేరుగా హీటర్ మీట మీద చెయ్యి వేశాను, ఆపేద్దామని. నాకే పాఠం చెబుతుందా ఈ పిల్ల అనుకున్నాను. కానీ ఆ పొద్దున్నే సిరాలో కుంచె ముంచి నాలుగు పంక్తులు రాసిన సంగతి గుర్తొచ్చింది. ఎన్నో చలికాలాల తర్వాత వేళ్ళు మాట విన్నాయి. చెయ్యి మీట మీద నుంచి తీసేశాను. కనక, నువ్వు నన్ను మోసం చేసింది నవంబరు, డిసెంబరు నెలలే. ఆ తర్వాతంతా నేనే మోసపోయాను, ఇష్టపడి. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడు. మావయ్యకు చెప్పకు, వాడు ఇప్పటికీ పాము కోసమే అనుకుంటున్నాడు. వాడి మర్యాద వాడికి ఉండనీ.

ఇకమీదట కరెంటుకు డబ్బు పంపకు. అది నా ఖర్చు. కుబుసాలు మాత్రం చిరగకుండా పంపు, వీధిలో నాకు పరువుంది.

నిన్న మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాను. మూలన ఒక తాబేలు ఉంది, ముఖం మా పాత ప్రిన్సిపాల్‌ది. ఎన్నాళ్ళు బతుకుతుందని అడిగితే ఆవిడ "యాభై ఏళ్ళు..." అని, నా జుట్టు వైపు చూసి ఆగిపోయింది. "ధర కూడా చెప్పమ్మా," అన్నాను. "వయసులు మేమిద్దరం చూసుకుంటాం." ఇంకా బేరం తెగలేదు.

రేపు నీ పెట్టెకు సంచి కుడతాను, రైల్లో జనం జడుసుకోకుండా. ఇది రాస్తూ తలెత్తి చూశాను. ముల్లు ఇరవై ఆరు దగ్గరే ఉంది. పెట్టె రాత్రే పక్క గదిలోకి మార్చేశాను. నేను మాత్రం ఇక్కడే కూర్చున్నాను, ఒక్క స్వెట్టరుతో.

నీ అమ్మమ్మ,
కినుయో