అమ్మ మోకాలూ, చిట్టి సీసా

చిట్టికి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి, నాకు ఓపిక ఇవ్వాలి. ఫోనులో అయితే నువ్వే మాట్లాడతావు. నా వంతు వచ్చేలోపు ఛార్జింగ్ అయిపోతుంది. అందుకని ఉత్తరం.

మంగళవారం పొద్దున్న ప్రార్థన ముగించి, పాలు పొయ్యి మీద పెట్టి, కిటికీ తెరిచాను. కింద చెత్తబండి వచ్చింది. ఎదురింటాయన స్కూటరు ఎప్పటిలాగే మొరాయిస్తోంది. అంతలో అమ్మ గదిలో ధబ్బుమని చప్పుడు. వెళ్లి చూస్తే అమ్మ నేల మీద కూర్చుని ఉంది. ముఖానికి రాసుకోమని నువ్వు పంపిన సీసా ఖాళీ. రెండు మోకాళ్లూ అద్దాల్లా మెరుస్తున్నాయి. నేల కూడా.

"ఏం చేశావమ్మా?"

"డాక్టరు మోకాట్లోకి ఎక్కిస్తానన్న మందూ ఇదీ ఒకటేనట. హైలురోనిక్ యాసిడ్. మీ తమ్ముడు చదివి చెప్పాడు. చేత్తో రాసుకునేదానికి సూదెందుకే?"

దెబ్బ తగల్లేదు. పాలు పొంగిపోయాయి.

సూది మాత్రం వద్దంటోంది. మాది నాలుగో అంతస్తు. మెట్లు దిగలేకపోతే లిఫ్టున్న నీ ఇంటికి పంపేద్దామని తమ్ముడు. "ఈ గడప దాటను" అని అమ్మ. బ్యూటీ పార్లరు నడుపుతున్నదానివి, నువ్వే నచ్చజెప్పు.

నీ పెద్దక్క

తా.క. సీసాతో పాటు అమ్మకని నువ్వు పంపిన తాగే పొడి తమ్ముడు తాగుతున్నాడు. వాడికి ఏ నొప్పీ లేదు. ఊరికే వచ్చిందని.

---

అక్కా,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. నాది కాదు, కుర్చీలో ఉన్న కస్టమరుది. ఆవిడ లేచి వెళ్లిపోయింది.

అమ్మకి నెమ్మదిగా చెప్పు. అది మన ఒంట్లో పుట్టేదే. చర్మంలో ఉంటుంది, కీళ్లలో ఉంటుంది. నీటిని పట్టి ఉంచుతుంది. సీసాలోది తడి ముఖానికి రాసుకోవాలి. అది పైపైనే ఉంటుంది, మోకాటి లోపలికి దిగదు. సూదిలోది వేరే తయారీ, డాక్టరే వేయాలి. పేరొకటైతే పనొకటవుతుందా? నేనూ తమ్ముడూ ఒక్క కడుపునే పుట్టాం, పనిచేసేది నేనొక్కదాన్నేగా!

అమ్మ నా దగ్గరికొస్తే పగలంతా గోడలతో మాట్లాడుకోవాలి. ఎలాగైనా ఒప్పించవే, నీకు దణ్ణం పెడతాను.

నీ చిట్టి

తా.క. ఆ పొడి తాగితే ముఖం మెరుస్తుందని అమ్మేవాళ్లంటారు. అమ్మేదాన్ని నేనే. నాకు తెలీదు.

---

చిట్టికి,

దేవుడి దయవల్ల అందరం ఉన్నాం. అంతకుమించి చెప్పలేను.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "నీటిని పట్టి ఉంచుతుంది" దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"మోకాట్లో నీరు చేరిందనేగా డాక్టరు అన్నాడు?"

"అవునమ్మా."

"ఆ నీరు పోవాలని నేనేడుస్తుంటే, పట్టి ఉంచేదాన్ని ఎక్కిస్తారా? దొంగొస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టుంది!"

ఇప్పుడు వాపుకి కారణం కూడా నీ సీసానేనట. వాపు వచ్చి రెండు నెలలైంది, సీసా వచ్చి వారం. ఆ మాట అన్నాను. "నువ్వెప్పుడూ చిట్టి పక్షమే" అంది.

నీ పెద్దక్క

తా.క. తమ్ముడు అస్తమానం అద్దం ముందే ఉంటున్నాడు. మరదలు అద్దానికి దుప్పటి కప్పింది.

---

అక్కా,

ఇంకొక్కసారి రాస్తాను. ఆ తర్వాత నేను కూడా నీలాగే దేవుడికి చెప్పుకుంటాను.

కిర్రుమనే తలుపు బందుకి నూనె వేస్తాం చూడు, సూది అలాంటిది. వాపు తాలూకు నీరు వేరు. అది ఎక్కువుంటే డాక్టరు ముందే తీసేస్తాడు. కొందరికి బాగా గుణమిస్తుంది, కొందరికి అంతంతమాత్రం. వేసి చూద్దామని డాక్టరే అన్నాడు కదా, చూడనివ్వండి!

నీ చిట్టి

తా.క. ఒకప్పుడు దీన్ని కోడిపుంజుల నెత్తి మీది ఎర్రటి జుట్టులోంచి తీసేవారట. ఇప్పుడు చాలావరకు సూక్ష్మజీవులతో తయారుచేస్తున్నారు. ఈ ముక్క మాత్రం అమ్మకి చదవకు.

---

చిట్టికి,

దేవుడు నీకు కొంచెం వరస నేర్పాలి. చదవకూడని ముక్క ముందు రాసి, చదవకు అని తర్వాత రాశావు. నేను వరసగా చదివాను.

నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను.

"కోడిపుంజా? అది ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతుంది! ఆ సంగతి మొదటే చెప్పి ఏడవచ్చుగా!"

"ఇప్పుడు కోడి లేదమ్మా, సూక్ష్మజీవులు..."

"ఎవరు పెంచితేనేం, పుట్టిల్లు కోడిదేగా."

సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టింది.

"నేను వేయించుకుంటాను. కానీ ముందు పెద్దదానికి వేయండి."

"నాకెందుకమ్మా?"

"నేను చూడట్లేదనుకున్నావా? ప్రార్థనకి మోకాళ్ల మీద కూర్చుంటే, మళ్లీ లేవడానికి కుర్చీ, గోడ, దేవుడు, ముగ్గురి సాయం కావాలి నీకు!"

తమ్ముడు, "అవునక్కా, మూడో అంతస్తులో ఆగి గోడ మీద రంగు చూస్తుంటావు" అన్నాడు. మరదలు నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లింది.

ఇంట్లో తీర్మానం ఇది. సోమవారం ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్తాం. ఆయన సరేనంటే ముందు నా మోకాలు, తర్వాత అమ్మది. నేను వెనకడుగు వేస్తే, లిఫ్టున్న నీ ఇంటికి పంపేది అమ్మని కాదు, నన్ను. అందరూ ఒప్పుకున్నారు. నన్ను అడగలేదు.

నీ పెద్దక్క

తా.క. నాకు సూదంటే భయం. ఎందుకైనా మంచిది, ఒక గది ఖాళీ చేసి ఉంచు.