పొదిగే యంత్రం తాళంచెవి

చెల్లాయీ,

నీ హేచరీలో నూటికి ఎనభై ఎనిమిది గుడ్లు పిల్లలయ్యాయని రాశావు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మనిద్దరివీ ఒకే ఫారం గుడ్లు, ఒకే రకం యంత్రాలు. నాకు మాత్రం డెబ్బై తొమ్మిదే.

నిన్ను మించాలని పోయిన విడత గంటకోసారి యంత్రం తలుపు తీసి, ఎన్ని పగిలాయో లెక్క రాసుకున్నాను. డెబ్బై రెండుకు పడిపోయింది.

మనవరాలు నవ్వింది. "అమ్మమ్మా, నువ్వు తలుపు తీసినప్పుడల్లా లోపలి వేడి పోతోంది. గుడ్లు పిల్లలయ్యే ఇరవై ఒకటో రోజుదాకా చిన్నమ్మమ్మ తలుపు ముట్టుకోదు. నేను ఆవిడ దగ్గరే పని నేర్చుకుంటా" అంది.

ఆ ఎనభై ఎనిమిదీ నువ్వే ఉంచుకో. మనవరాల్ని మాత్రం నీ దగ్గరికి పిలవకు. ఈ విడత తాళంచెవి దాని చేతికే ఇచ్చాను, ఇరవై ఒకటో రోజుదాకా అడగనని మాటిచ్చాను.

ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు.

అక్క