చుక్కల సీసా

నాన్నకు,

నీ బోనులు కడిగే కూతురు రాసేది. క్షేమంగా చేరాను. నీ మోకాళ్ల నొప్పి పుణ్యమా అని నీ బదులు ఈ పన్నెండు రోజుల శిక్షణకు నేనొచ్చాను కదా, ఇక్కడ తోటివాళ్లంతా పాతికేళ్ల లోపే. దెబ్బతిన్న పక్షుల్నీ జంతువుల్నీ బాగుచేసి వదిలేవాళ్లు రెండేళ్లకోసారి మళ్లీ చదువుకోవాలని ఈ ఏడు కొత్తగా రూలు పెట్టినవాళ్లు, నలభై నాలుగేళ్ల మనిషి ఈ చిన్న బెంచీలో ఎలా పడుతుందో చూసుకోలేదు. అందరికీ పెద్దమ్మనైపోయాను. మొన్న పరీక్షలో పక్కమ్మాయి నా పేపరు చూసి రాసింది. ఇద్దరికీ అవే తప్పులు.

అసలు సంగతికి వస్తాను. ముందు వెచ్చదనం, తరవాత నీళ్లు, చివరికి తిండి అని బోర్డు మీద రాసి, మేడమ్ ఒక రబ్బరు పక్షిపిల్ల నోరు తెరిచి చూపించింది. నాలుక మొదట్లో చిన్న రంధ్రం ఉంది. అది ఊపిరి దారి. నోట్లో చుక్కలు పోస్తే నీళ్లు అందులోకే పోతాయట, పిల్ల ఊపిరాడక చచ్చిపోతుందట. నేను రాసుకోవడం ఆపేశాను.

ఆ గోరింక పిల్ల గుర్తుందా నాన్నా? అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పెరటి షెడ్డులో చుక్కల సీసా నా చేతికిచ్చి, దాహంగా ఉన్నట్టుంది పొయ్యమన్నావు. పోశాను. చూస్తుండగానే మెడ వాల్చేసింది. దాని ఆయుష్షు అంతేలే అన్నావు. కానీ ఆ రోజు నుంచి పక్షిపిల్లలకు తాపాల్సి వస్తే షెడ్డు తలుపు వేసుకుని నువ్వొక్కడివే తాపావు. అడిగితే నీకెందుకమ్మా అన్నావు. ముప్పై అయిదేళ్లుగా బోనులు కడగడం, గుడ్డలు ఉతకడం, చీటీలు రాయడం నా వంతు. నా చేతిలోనే ఏదో దోషం ఉందని నీ మనసులో ఉందనీ, పైకి అనలేక ఊరుకున్నావనీ అనుకుంటూ వచ్చాను. నా బిడ్డకు మొదటిసారి చెంచాతో మందు పట్టాల్సి వస్తే, చేయి రాక మా ఆయన చేత పట్టించాను. ఎందుకో ఆయనక్కూడా చెప్పలేదు.

నిన్న మేడమ్ నా చేత ఆ రబ్బరు పిల్లకు సన్నటి గొట్టం ఊపిరి దారి తప్పించి లోపలికి వేయించింది. "మీ చెయ్యి భలే నిలకడండీ" అంది. బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నటిస్తూ బాగా ఏడ్చాను.

తాతకు దగ్గులు నేర్పాలని కాదు, ఒక్కటే అడుగుతున్నాను. ఈ సంగతి నీకు తెలుసా? తెలియకపోతే ఇవాళే ఆ సీసా పారెయ్యి. తెలిస్తే నాకెందుకు చెప్పలేదు? ఇక్కడి కేంద్రంలో ఉద్యోగం ఇస్తామంటున్నారు. నీ జవాబు చూశాకే వాళ్లకు ఏదో ఒకటి చెబుతాను.

నీ కూతురు

*

అమ్మలూ,

తెలుసు.

నువ్వు మళ్లీ అలాంటి చావు చూడకూడదని మొదట తలుపు వేసుకున్నాను. రెండేళ్ల తరవాత పశువుల డాక్టరు మన షెడ్డుకొచ్చి, నేను నీళ్లు పోస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. సీసా ఆ రోజే పారేశాను. చెయ్యి నీదే అయినా పొయ్యమన్నది నేను. చెబితే నీ చేత్తోనే చచ్చిందని నీకు తెలుస్తుందని భయపడ్డాను. పెద్దదానివయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యావు. అప్పటికి నాకు సిగ్గు పట్టుకుంది. చెప్పకపోతే నీ చేతినే అనుమానిస్తావని నా మట్టిబుర్రకు తట్టలేదు. నీ ఉత్తరం చదివాక మీ అమ్మ నాతో మాట మానేసింది. మానెయ్యాల్సిందే.

నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. నేను చెప్పలేనిది అక్కడెవరో ఒకరు చెబుతారని నిన్ను పంపాను. పిరికివాడి పని చేశాను, క్షమించు తల్లీ.

ఉద్యోగం నీ ఇష్టం, అడ్డు చెప్పను. నిన్న ఎవరో గోరింక పిల్లను తెచ్చిచ్చారు. వెచ్చగా పెట్టాను. ఎలాగో తాపుతున్నాను గానీ, గొట్టం పట్టుకుంటే ఈమధ్య నా చెయ్యి వణుకుతోంది. వణికేది నాదే అమ్మలూ, నీది ఎప్పుడూ వణకలేదు.

షెడ్డు తలుపు తీసే ఉంచాను. వస్తే, దానికి నువ్వు తాపు. బోను నేను కడుగుతాను.

నాన్న