కలవని జవాబులు

రూవి (అరబ్బు దేశం), 1977, గురువారం రాత్రి

ఒకే రోగిని డాక్టరుగారూ, కాంపౌండర్ని నేనూ విడివిడిగా అడగాలట. జవాబులు కలిస్తేనే మనోవ్యాధి పేరు రాయాలని మా బొంబాయి డాక్టరుగారి పట్టు. ఇవాళ సైట్ కూలీ మల్లయ్య వచ్చాడు. డాక్టరుగారితో "సబ్ ఠీక్ హై సాబ్" అన్నాడు. నాతో మాత్రం "నిద్ర పడ్తలేదన్నా, బువ్వ తినబుద్ధి అయితలేదు" అన్నాడు.

నాకు అడగడం రాదని డాక్టరుగారు తిట్టారు. మల్లయ్యను నిలదీశాను.

"సారుకు చెప్తే ఇంటికి తోలుతడు. నీకు చెప్తే గోలీలిస్తవ్!"

ఎలా అడగాలో నేర్పుతానని డాక్టరుగారు నన్నే రోగి కుర్చీలో కూర్చోబెట్టారు. "నిద్ర?" అన్నారు.

"హాయిగా పడుతోంది సార్!" అన్నాను. ఆయన రాసుకున్నారు.

ఇప్పుడు రాత్రి రెండున్నర. ఈ డైరీ ఆయన చేతికి చిక్కితే నా జవాబులూ కలవవు.